మేము కెమేరా కొన్న విధము

మా పుట్టినింట గోడకు వ్రేలాడుచుండిన పటము లన్నిటిలో మా తల్లిగారి రూపము గలది యొక్కటియే. 1998వ సంవత్సరమున మా మేనమామగారి పెండ్లినాడు తీసిన గుంపు పటమది. నలువది మంది బంధువులు మూడు వరుసలుగా తీరియుండగా, కడపటి వరుసలో నొక స్తంభమున కానుకొని, సగము నీడలో మా యమ్మ నిలిచియున్నది. వంటయింట నుండగా నెవరో పిలిచిరట. తడిచేతులు కొంగున తుడుచుకొనుచు వచ్చి నిలిచినదట. ఆ పటములో నామె మొగము కందిగింజంత. మా పదునొకండవ యేట ఆమె పరమపదించెను. వేఱొక పటము లేదు.

మాకు వివాహమైన పిమ్మట ఆ పటమును పట్టణమునకు గొనిపోయి, అమ్మ మొగమును మాత్రము పెద్దది చేసి యిమ్మని యొక స్టూడియో యజమానిని వేడితిమి. నాలుగు దినములకు ఆతడిచ్చిన కాగితముపై గోధుమరంగు మరక యొకటియు, అందు రెండు నల్లని మచ్చలును మాత్రమే యుండెను. మేము చిన్నబుచ్చుకొనుట చూచి ఆతడు నొచ్చుకొనుచు, “పటంలో లేనిది నేనెక్కడినుంచి తెచ్చేదమ్మా?” అనెను.

ఇటీవల మా పినతండ్రిగారి కుమారుడు కృత్రిమ మేధ యనబడు కంప్యూటరు విద్యచేత ఆ మొగమును బాగుచేయించి పంపెను. కన్నులు, కనుబొమలు, పెదవులు అన్నియు చక్కగా నమరినవి. దానిని మేము చాలసేపు చూచితిమి. ఆ పటములోని స్త్రీ సౌందర్యవతియే. కాని మా యమ్మ కాదు. యంత్రము తా నెఱుగని దానిని ఊహించి యతికినది.

సోదరీమణులారా! కెమేరాను గూర్చి వ్రాయబూని తల్లిని గూర్చి చెప్పుచున్నామేమని తలపవలదు. మేము కెమేరాను ఎంచుకొన్న సూత్రమంతయు ఆ కందిగింజంత మొగములోనే యున్నది.

మేముండునది కోనసీమలో కాలువగట్టు మీది యొక గ్రామము. మా వారు ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయులు. మా యత్తగారికి డెబ్బదియాఱేండ్లు. ఆమెకు గల ఛాయాచిత్రము ఆధారు కార్డు మీది బొమ్మ యొక్కటియే. దానిని చూచినపుడెల్ల ఆమెయే, “నన్నెవరో పోలీసులు పట్టుకున్నట్టుందర్రా” యని నవ్వుదురు. పటము తీసినచో ఆయువు తఱుగునని ఆమె చిన్ననాట పెద్దలు చెప్పిరట. అందుచే నెవరేని చేతిఫోను ఎత్తిన తోడనే కొంగు మొగమున కడ్డము పెట్టుకొని లోనికి పోవుట ఆమెకు వాడుక.

అట్లయ్యు దొంగచాటుగా తీసిన పటములు కొన్ని మా సెల్‌ఫోనులో నుండెను. మూడేండ్లుగా తీసిన వవి. ఒకనాడు మా చిన్నవాడు ఆ ఫోనును నీళ్లతొట్టిలో వేసి, ఓడ మునిగినదని చప్పట్లు చరచెను. పటములను మఱియొక చోట దాచుకొనని దోషము మాదే. ఆ తరువాత గత కార్తికమున మా యత్తగారికి జ్వరము తగిలి పది దినములు మంచము విడువరైరి. దీపము తగ్గించి ఆమె ప్రక్కన కూర్చుండిన ఆ రాత్రులలో మాకు మాటిమాటికి ఆ కందిగింజయే కన్నులకు గట్టెను. దైవానుగ్రహమున ఆమె కోలుకొనిరి. పుష్యమాసమున మాకు చీటీపాట సొమ్ము 20,000 రూపాయలు చేతికి వచ్చెను. గాజులు చేయించుకొనుమని అత్తగారును, బీరువా కొందమని మా వారును అనిరి. మేము కెమేరా కొందమంటిమి.

“సెల్‌ఫోను లుండగా వేఱ కెమేరా యేల?” అని పలువు రడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. నేటి సెల్‌ఫోను ఒక్క నొక్కుతో పెక్కు పటములను వెంటవెంట తీసి, వానిని కలిపి యొక్కటిగా కూర్చి, చిన్న కటకపు కొఱతను గణితముచే పూడ్చుకొనును. వెలగల కొన్ని ఫోనులలో మంచి కెమేరాకు తీసిపోని సెన్సరులును గలవు. ఎండలో నాడుకొను పిల్లల చిత్రమునకు మన చేతిలోని ఫోను చాలును. కాని మా యింటి ఫోను బడి వర్తమానములకు, పాలవాని లెక్కలకు, పిల్లల ఆటలకు, చుట్టముల పలకరింపులకు అన్నిటికి నొక్కటియే. పటము తీయబోవు వేళకు ఎవరో పిలుతురు. మఱియు మా ధనములో దొరకు ఫోను చీకటి వంటయింట తీసిన మొగమును మైనపుబొమ్మవలె నునుపు చేయుట మేము చూచితిమి. ముడుతలు పోయినవి, ముడుతలతో పాటు మా యత్తగారును పోయిరి. మాకు కావలసినది పటము తీయుట యొక్కటియే యెఱిగిన చిన్న పెట్టె.

ఒక ఆదివారము మేమిరువురము రాజమహేంద్రవరమునకు పోయితిమి. అచట నొక దుకాణమున చిన్న కెమేరాలు రెండే మిగిలియుండెను. ఒకప్పుడు వీని వైభవ మింతింత కాదు. జపాను కెమేరా తయారీదారుల సంఘము వారి లెక్క ప్రకారము 2010వ సంవత్సరమున 12 కోట్లకు పైగా డిజిటలు కెమేరాలు అంగళ్లకు పోయెను. వానిలో నధికభాగము జేబులో నిముడు చిన్నవియే. 2023 నాటికి అన్ని రకములును కలిపి 80 లక్షలు కూడ లేవు. సెల్‌ఫోను వానిని మ్రింగివేసినది. అంగడిలో నెంచుకొనుటకు చాల లేకపోవుటకు కారణ మిదియే.

దుకాణదారు ఒక దానిని చేతికిచ్చి, “ఇరవై మెగాపిక్సెళ్లమ్మా, నలభై రెట్లు జూము. చంద్రుడిలో కుందేలు కూడా కనిపిస్తుంది” అనెను. చంద్రునిలోని కుందేటితో మాకు పని లేదు. మెగాపిక్సెళ్లనగా నేమని యడిగితిమి. ఎక్కువ యున్నచో పటము బాగుగా వచ్చునని యాతడు చెప్పెను. మా వారు నవ్వి యూరకుండిరి. ఇంటికి వచ్చిన పిమ్మట ఆ సంగతిని వారు మాకు బోధింపగా మా మాటలలో సోదరీమణులకు చెప్పుచున్నాము.

కెమేరాలో కటకము వెనుక సెన్సరను చిన్న పలక యుండును. వెలుతురు దానిపై పడగా విద్యుత్తుగా మాఱును. 1969లో అమెరికాదేశపు బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జి స్మిత్ అను నిరువురు కనిపెట్టిన సాధనము దీనికి మూలము. ఆ పనికి వారికి 2009లో నోబెలు బహుమానము వచ్చెను. 1975లో కొడాక్ సంస్థయందలి స్టీవెన్ సాసన్ అను యువకుడు అట్టి పలకతో తొలి డిజిటలు కెమేరాను కూర్చెను. దాని బరువు మూడున్నర కిలోలకు పైబడియుండెను. ఒక పటమును టేపుపై నెక్కించుటకు 23 సెకనులు పట్టెను. ఆ పటమునందలి చుక్కలు 10,000 మాత్రమే. నేడు మెగాపిక్సెలు అనగా పది లక్షల చుక్కలు.

చుక్కలనగానే మనకు ముగ్గు తోచును గదా. ఇరువదియొక్క చుక్కల ముగ్గును విశాలమైన వాకిట పెట్టినచో ఎంత కన్నులపండువు! దానినే గుమ్మము ముందరి జానెడు బండపై పెట్టబోయినచో చుక్క చుక్కను ఒరసికొని, గీత గీతలో గలిసి, పిండి కుప్పవలె నగును. చుక్కలు తక్కువ గాలేదు, చోటు చాలలేదు. సెన్సరును అట్లే. ఆ దుకాణమున మేము చూచిన రకపు చిన్న కెమేరాలలో సాధారణముగా నుండు సెన్సరు సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు. అది మన చిటికెనవ్రేలి గోటికన్న చిన్నది. ఇరువది మెగాపిక్సెళ్లనగా రెండు కోట్ల చుక్కలు ఆ గోటిమీద పెట్టినట్లు! ప్రతి చుక్కయు వెలుతురు పట్టు గిన్నె వంటిది. గిన్నె చిన్నదైనకొలది దానిలో పడు వెలుతురు తక్కువ. పగటియెండలో ఆ లోపము తెలియదు. సంధ్యవేళ, ఇంటిలోపల, కెమేరా ఆ కొద్ది వెలుతురును బలవంతముగా హెచ్చించును. అప్పుడు మొగముపై ఇసుక చల్లినట్లు గరుకు తేలును.

ఒక అంగుళపు సెన్సరు అనబడునది వేఱొకటి గలదు. పూర్వపు టెలివిజను కెమేరా గొట్టముల కొలతనుబట్టి వచ్చిన పేరేగాని అది నిజముగా అంగుళము గాదు, 13.2 మిల్లీమీటర్ల పొడవు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పు. అయినను వైశాల్యమున మొదటిదానికి నాలుగు రెట్లు. ఇది గుమ్మపు బండ కాదు, వాకిలి. 2012లో సోనీ సంస్థ ఆర్‌ఎక్స్‌100 అను పేర ఇట్టి సెన్సరును జేబులో పట్టు కెమేరాలో నమర్చెను. 2014లో కానన్ సంస్థ జీ7ఎక్స్ అనుదానిని తెచ్చెను.

ఇక పటము అచ్చువేయుటకు ఎన్ని చుక్కలు కావలెను? అంగుళమునకు 300 చుక్కల వంతున లెక్క వేసినచో, మన ఆల్బములలో నంటించు 4 అంగుళముల వెడల్పు, 6 అంగుళముల పొడవు గల పటమునకు 2.16 మెగాపిక్సెళ్లు చాలును. గోడకు తగిలించు 8, 10 అంగుళముల పటమునకు 7.2 చాలును. ఈ గుణకారము మేమే పలకమీద చేసి చూచితిమి. కావున 16 మేలా, 20 మేలా, 24 మేలా యని అంగడిలో తగవులాడుట వ్యర్థము. అడుగవలసిన ప్రశ్నలు వేఱు: సెన్సరెంత? కటకపు నోరెంత?

కటకపు నోటిని ఎఫ్ అను అక్షరముతో గుర్తింతురు. ఇచ్చట నొక తిరకాసు గలదు. అంకె చిన్నదైనకొలది నోరు పెద్దది. ఎఫ్/1.8 అని వ్రాసిన కటకము ఎఫ్/3.5 దానికన్న దాదాపు నాలుగు రెట్లు వెలుతురును లోనికి రానిచ్చును. అయితే ఒకే కెమేరాలో రెండంకెలు వ్రాసియుండును. మొదటిది దగ్గఱనుండి విశాలముగా తీయునపుడు, రెండవది జూముచేసి దూరపుదానిని దగ్గఱకు లాగునపుడు. చిన్న కెమేరాలలో జూము పెరిగినకొలది సాధారణముగా నోరు మూసికొనుచు పోవును. కావున దీపపు వెలుతురున జూమును నమ్మక, రెండడుగులు ముందుకు నడచుటయే మేలు. ఆత్మీయుల పటమునకు అది మర్యాద కూడ.

జూములోను రెండు విధములు గలవు. కటకము కదలి నిజముగా దగ్గఱకు లాగునది యొకటి. ఉన్న పటములో నడిమి ముక్కను కత్తిరించి సాగదీయునది మఱియొకటి. రెండవదానిని డిజిటలు జూము అందురు. సాగదీయుట యనగా లేని చుక్కల నూహించుటయే. మా యమ్మ మొగమునకు స్టూడియోవాడు చేసినది అదియే గదా! పెట్టెమీద ఎన్ని రెట్లని వ్రాసియున్నను, అందు కటకముచేత నగునదెంతయో అడిగి తెలిసికొనవలెను.

ఆ దుకాణమున మేము చేసిన మంచిపని యొకటి గలదు. మా మెమరీ కార్డును వెంట గొనిపోయి, దుకాణదారుని యనుమతితో, వీధివైపు గాక వెనుక చీకటిమూలన నున్న కుఱ్ఱవానిని ఆ కెమేరాతో రెండు పటములు తీసితిమి. కెమేరా వెనుకనున్న చిన్న తెఱపై అవి ముత్యములవలె మెఱసెను. మఱునాడు బడిలోని కంప్యూటరు తెఱపై పెద్దవి చేసి చూడగా ఆ బాలుని చెక్కిళ్లపై ఇసుక. కనురెప్పల వెండ్రుకలు ఒకదానిలో నొకటి కరగిపోయెను. మా మనస్సు వెనుకాడెను.

మేము చిన్ననాట తండ్రిగారి యొద్ద భాగవతము చదువుకొంటిమి. అందలి ఉషాపరిణయ కథ యెఱుగని తెలుగింటి యాడది యుండదు. కలలో చూచినవాని నెఱుగలేక ఉష పరితపింపగా, చెలికత్తె చిత్రరేఖ రాజకుమారుల రూపములన్నియు పటమున వ్రాసి చూపెను. అనిరుద్ధుని రూపము కడకు రాగానే ఉష సిగ్గుతో తలవంచెను. చిత్రరేఖ ఎన్ని రంగులు కలిపినదని ఉష యడుగలేదు. ఎంతదూరము చూడగలదని యడుగలేదు. తన మనస్సులోని మొగమునకును పటములోని మొగమునకును పోలిక కుదిరినదా యని మాత్రమే చూచినది. కెమేరాకును పరీక్ష యదియే. ఎవరి మొగమునకై కొనుచున్నామో, ఆ మొగము ఎట్టి వెలుతురున మన యింట మెలగునో, అట్టి వెలుతురున పోలిక దక్కవలెను.

మన స్త్రీల మొగములకు వెలుతురు కొఱత పడుట నేటిమాట కాదు. హైదరాబాదున ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడు లాలా దీనదయాళు, ఘోషాలో నుండు స్త్రీలకొఱకు 1892లో ప్రత్యేకముగా జెనానా స్టూడియోను తెఱచి, పటములు తీయుటకు స్త్రీనే నియమించెను. ఘోషా లేని మా యిండ్లలోను స్త్రీ వంటయింటి నీడలోనే యుండును. పండుగనాడు పటము తీయు వేళకు ఆమె చేయి పిండిలో నుండును. ఆమెను ఎండలోనికి పిలిచి నిలువబెట్టినచో బిగిసికొని ఆధారు కార్డు బొమ్మయగును. ఆమె యున్న చోటికే కెమేరా పోవలెను.

ఈ నిశ్చయమునకు వచ్చిన పిమ్మట క్రొత్తదానికి మా సొమ్ము చాలదని తెలిసెను. అంతలో కాకినాడలో నున్న మా వారి పూర్వవిద్యార్థి యొకడు పెద్ద కెమేరా కొనుక్కొని, తన పాత ఆర్‌ఎక్స్‌100ను అమ్మదలచెనని విని పోయితిమి. గురువుగారికి ఊరకయే యిచ్చెదననెను, మా వారొప్పుకొనలేదు. 19,500 రూపాయలకు బేరము కుదిరెను. అది యంగుళపు సెన్సరు, ఎఫ్/1.8 కటకము గలది. జూము మూడున్నర రెట్లకు కొంచెము పైన, అంతియే.

శిష్యుడైనను పరీక్ష మానలేదు. వాడిన కెమేరా కొనువారు చూడవలసినవి చెప్పెదము. మీట నొక్కగా కటకము తడబాటును గరగర ధ్వనియు లేక బయటికి వచ్చి మఱల లోనికి పోవలెను. కటకమును ఏటవాలుగా దీపమునకు చూపి, లోపల సాలెపోగు వంటి బూజున్నదేమో చూడవలెను. మా సముద్రపు గాలికి అది త్వరగా పుట్టును. ఎఫ్ అంకెను హెచ్చించి తెల్లని గోడను తీసి చూచినచో సెన్సరుపై ధూళి నల్లని చుక్కలుగా తెలియును. బ్యాటరీ ఉబ్బియుండరాదు. చార్జరును, కార్డు దూర్చు చీలికయు సరిచూచుకొనవలెను. అటకమీది మఱి పాత కెమేరాలను దింపదలచువారికి ఒక మాట: 2006కు పూర్వపువానిలో పెక్కు 2 గిగాబైట్లకు మించిన కార్డులను పుచ్చుకొనవు.

చివఱగా, ఆ బాలుని తల్లి వంటయింట కాఫీ కలుపుచుండగా ఆమె యనుమతితో ఒక పటము తీసితిమి. ఒక్క దీపము మాత్రమే వెలుగుచుండెను. వారి కంప్యూటరు తెఱపై దానిని పెద్దది చేసి చూచితిమి. ఆమె నుదుటి కుంకుమ అంచు, కనుకొలకుల ముడుతలు, గాజుపై మెఱపు అన్నియు నుండెను. ఆమె వంగి చూచి, “అచ్చం మా అమ్మలా ఉన్నానే!” అనెను. మేము మాఱుమాటాడక సొమ్ము లెక్కపెట్టితిమి.

ఇంటికి తెచ్చిన నెలదినముల వఱకు అత్తగారిని తీయుటకు సాహసింపలేదు. ముందుగా కొబ్బరిచెట్లను, దూడను, పిల్లలను తీసి నేర్చుకొంటిమి. మీటను సగము నొక్కి, పచ్చని గడి కనబడువఱకు ఆగి, పిమ్మట పూర్తిగా నొక్కవలెను. చేయి వణకినను, ఎదుటివారు చుఱుకుగా కదలినను పటము అలుకును. ఫ్లాషు మెఱుపు మొగమును సున్నము కొట్టినట్లు చేయును గావున దాని నార్పియుంచితిమి.

చైత్రమాసమున నొక యుదయమున మా యత్తగారు తూర్పు కిటికీ ప్రక్కన పీటవేసికొని పనసపొట్టు కొట్టుచుండిరి. చేతులకు నూనె, ఒడిలో గోనెగుడ్డ, కత్తి టకటక లాడుచుండెను. కిటికీ వెలుతురు చెంపమీదను ముక్కుపుడకమీదను పడుచుండెను. మేము గుమ్మమున కూర్చుండి, “అత్తయ్యగారూ, తీయనా?” అని యడిగితిమి. ఎన్నడును అడిగి తీసినవారము కాము, దొంగతనముగానే తీసియుంటిమి. ఆమె కొంగు సర్దుకొనబోయి, చేతుల నూనె చూచుకొని, ఆగి, “నీకెందుకే నా మొహం?” అనిరి.

గోడమీది గుంపు పటములోని కందిగింజను గూర్చి ఆమెకు మే మదివఱకెన్నడును చెప్పియుండలేదు. ఆనాడు చెప్పితిమి. ఆమె కత్తి ప్రక్కన పెట్టి విని, చాలసేపటికి, “సరే, తియ్యి. కానీ నేను పని ఆపను” అనిరి.

ఎనిమిది పటములు తీసితిమి. అందు మూడు అలికినవి. ఐదు నిలిచినవి. వానిలో నొకదానిలో ఆమె తలయెత్తి మా వంక చూచుచున్నారు. తెఱపై దానిని చూపగా ఆమె తన మొగమును గాక తన చేతులనే చూచి, “ఇవి మా అమ్మ చేతులే. ఇదే కణుపు, ఇలాగే వంకర” అని వ్రేలితో తాకిరి. తెఱకు నూనె అంటెను.

పిమ్మట ఆమె చేతులు కడుగుకొని వచ్చి, కెమేరా నందుకొని, “నువ్వు కూర్చో. నేను నొక్కుతాను. ఎక్కడ నొక్కాలి?” అనిరి. అప్పుడు మాకు తట్టినది: ఆ నెలలో తీసిన మున్నూరు పటములలో మేము ఒక్కదానిలోను లేము. తీయువారు పటములో నుండరు గదా! మా యమ్మకైనను అంతే. అందఱికి వడ్డించువారికి విస్తరి మిగులదు.

ఆమె మీటను సగము నొక్కుట యెఱుగక ఒక్కసారిగా నొక్కిరి. పటము ఏటవాలుగా వచ్చెను. మా నుదురు పైసగము తెగిపోయెను. ప్రక్కన పనసపొట్టు బుట్ట నిండుగా వచ్చెను. కాని మేమట్లు నవ్వుదుమని మా కెన్నడును తెలియదు.

ఆ రెండు పటములను పట్టణమున అచ్చువేయించితిమి. కెమేరాలో నుండు పటము కావడిలోని నీరువంటిది, ఎప్పు డొలుకునో తెలియదు. ఇప్పుడు నెలకొకసారి పటములను బడి కంప్యూటరుమీదుగా రెండు డిస్కులలో నెక్కించి, ఒకటి మా యింటను, ఒకటి మా యన్నగారి యింటను ఉంచుచున్నాము. మంచివానిని కాగితముపై దింపించుచున్నాము. కెమేరాను మూత బిగువైన స్టీలుడబ్బాలో సిలికా జెల్ పొట్లములతో దాచి, వారమునకొకసారి బయటికి తీసి గాలి తగులనిచ్చుచున్నాము.

అత్తగారి పటమును గోడకు తగిలించితిమి. మా పటమును ఆమె తన భాగవతపు పుస్తకములో పెట్టుకొనిరి. నుదురు తెగినది గదా, మంచిది మఱియొకటి తీయింతమన్నను ఒప్పుకొనలేదు. మా కుమార్తె యెన్నడైన దానిని పట్టణమునకు గొనిపోయి పెద్దది చేయుమని యడిగినచో, ఆ స్టూడియోవాడు పటములో లేదని మాత్రము చెప్పడు.